మీడియన్ సర్వైవల్

మెదడులో గడ్డ ఉందని తేలగానే విశాఖపట్నం గోపాలపట్నంలోనైనా, మరెక్కడైనా ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నాళ్లు? కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి వెళ్లినా, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా జవాబులో ‘మీడియన్ సర్వైవల్’ అనే మాట వినపడవచ్చు.

రోగుల్లో సరిగ్గా సగం మంది బతికి ఉండే కాలం అది. గడువు కాదు. ఆ సగం మంది ఆ అంకె దాటినవాళ్లే, కొందరు చాలా దూరం.

గడ్డల్లో అతి మొండివాటిలో ఒకటైన గ్లియోబ్లాస్టోమానే చూడండి. రోజర్ స్టప్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారి మీడియన్ 12.1 నెలలు, దానితో టెమోజోలమైడ్ అనే కీమో మందు కూడా వాడినవారిది 14.6. పెరిగింది రెండున్నర నెలలే! కానీ రెండేళ్లు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి చేరారు. మధ్యలోని ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే ఈ సంగతి రోగికి తెలియదు. అది అన్యాయం.

పైగా అన్ని గడ్డలూ ఇలాంటివి కావు. మెనింజియోమాల్లో ఎక్కువ భాగం క్యాన్సరే కాదు. గ్లియోమా రకం గడ్డలో ఐడీహెచ్ జన్యుమార్పు ఉంటే ఆయుష్షు సాధారణంగా ఏళ్లలో లెక్కకొస్తుంది. వయసు, ఆపరేషన్‌లో గడ్డ ఎంత తీయగలిగారన్నదీ ముఖ్యమే. అందుకే బయాప్సీ రిపోర్టు రాగానే డాక్టరు గారిని గడ్డ రకం, గ్రేడు, ఐడీహెచ్, ఎంజీఎంటీ జన్యు పరీక్షల ఫలితాలు అడిగి రాసుకోవాలి.