ఉప్పుగాలికి లొంగని సైకిలు

దుబాయ్‌లో సైకిళ్లు రెండు రకాలు. ఒకటి లేబర్ క్యాంపు గోడకి ఆనించి ఉండేది. చైన్ తుప్పు పట్టి, సీటుకి పాలిథిన్ కవరు చుట్టి ఉంటుంది. రెండోది తెల్లారకముందే అల్ ఖుద్రా ట్రాక్ మీద రివ్వున దూసుకుపోయేది. దాని ఖరీదు చెబితే మన ఊళ్లో ఎవరూ నమ్మరు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లం మేము.

మేం నలుగురం. సివిల్‌లో డిప్లొమా చేసి సైట్ సూపర్‌వైజర్లుగా వచ్చాం. ముగ్గురిది జగిత్యాల, నిజామాబాద్ వైపు, ఒకరిది శ్రీకాకుళం. అల్ కూజ్‌లో ఒకే రూము, ఒకే వంట. నలభై కూడా నిండకుండానే మాలో ఒకరికి షుగర్ అంచులో ఉందని డాక్టర్ చెప్పారు. దాంతో నలుగురం సెకండ్ హ్యాండ్ సైకిళ్లు కొన్నాం, నాలుగూ అల్యూమినియం ఫ్రేములే. ఆదివారం తెల్లవారుజామున ఓ మిత్రుడి పికప్‌లో వాటిని వేసుకుని అల్ ఖుద్రా చేరడం, ఎండ ముదిరేలోపు ఓ నలభై కిలోమీటర్లు తొక్కి రావడం అలవాటైంది. అక్కడ ఎడారి మధ్యలో 80 కిలోమీటర్లకు పైగా సైకిళ్లకే వేసిన దారి ఉంది. కార్ల గొడవ లేదు. అదృష్టం బాగుంటే జింకలూ కనబడతాయి.

అలా ఏడాదిన్నర హాయిగా గడిచింది. ఓ ఆదివారం మాలో చిన్నవాడు పెడల్ మీద లేచి నిలబడి తొక్కుతుండగా టప్‌మని శబ్దం. పెడళ్ల ఇరుసు దగ్గర కింది గొట్టం వెల్డింగ్ పక్కనే తెగిపోయింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. నెలన్నర డ్యూటీ లేదు, ఓవర్‌టైమ్ పోయింది. ఇంట్లో మాత్రం 'జ్వరం' అని చెప్పాడు. మేమూ ఆ అబద్ధానికి వంత పాడాం.

తెగిన చోట ఏం కనిపించింది?

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ఫ్రేమును రూములో లైటు కింద పెట్టి చూశాం. తెగిన అంచు సగం మాసిపోయి నల్లగా ఉంది. మిగతా సగం కొత్తగా మెరుస్తోంది. అంటే పగులు ఎన్నో రోజుల కిందటే మొదలైంది, ఆ రోజు పూర్తయింది అంతే. అంతకు రెండు వారాల ముందు అక్కడ పెయింట్ మీద వెంట్రుకంత గీత చూశామని అప్పుడు గుర్తొచ్చింది. "గీసుకుపోయి ఉంటది లే అన్నా" అన్నాడు వాడు. సరేనన్నాం. సైట్‌లో బీమ్ మీద అలాంటి గీత కనబడితే పని ఆపించే మేం, సొంత సైకిల్ దగ్గర పట్టించుకోలేదు.

వాడికి చెయ్యి కుదిరాక మళ్లీ తొక్కుతానన్నాడు. ఈసారి ఏ ఫ్రేము? కన్సల్టెంట్‌కి మెటీరియల్ సబ్మిటల్ పంపినట్టుగా కాగితం మీద నాలుగు గడులు గీశాం. స్టీలు, అల్యూమినియం, కార్బన్ ఫైబర్, టైటానియం.

నాలుగు గడుల లెక్క

బరువులో తేడా ఇదీ. ఒక ఘన సెంటీమీటరు స్టీలు సుమారు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7. అల్యూమినియం తేలిక, చవక, తుప్పుతో పేచీ తక్కువ. కానీ అది అలసట ఎరుగుతుంది. స్టీలు, టైటానియం గొట్టాల మీద పడే భారం ఓ హద్దులోపు ఉంటే, లక్షల సార్లు పడినా అవి తట్టుకుంటాయి. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. చిన్న భారమైనా పదే పదే పడితే ఎప్పటికో ఒకప్పటికి పగులుతుంది. అందుకే దాని గొట్టాలు లావుగా, గట్టిగా చేస్తారు. అలాగని అల్యూమినియం చెడ్డదని కాదు. ముందు ఎవరు ఎంత తొక్కారో తెలియని పాత ఫ్రేము కొన్నాం చూడండి, తప్పు అక్కడుంది.

కార్బన్ అన్నిటికన్నా తేలిక. మంచి ఫ్రేము కిలో లోపే ఉంటుంది. దానికి అలసటా తక్కువే. చిక్కల్లా దెబ్బ తగిలితేనే. పైకి ఏమీ కనబడదు, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో మాలాంటి వాళ్లు కంటితో చూసి పోల్చుకోలేరు.

స్టీలు మనందరికీ తెలిసిందే. నాన్నల కాలం నాటి సైకిళ్లు ఇప్పటికీ ఊళ్లో తిరుగుతున్నాయి. విరిగితే వెల్డింగ్ షాపులో అతికిస్తారు. కానీ ఇక్కడ గాల్లో ఉప్పు, ఒంటి నిండా చెమట. సైట్‌లో కట్టి వదిలేసిన ఇనుము వారం తిరక్కుండా ఎర్రబడటం రోజూ చూస్తున్నాం. సైకిల్ గొట్టం లోపలి నుంచి తుప్పు తింటే ఎవరికి కనబడుతుంది?

ఇక టైటానియం. గాలి తగలగానే దాని మీద కంటికి కనబడని సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీసుకుపోయినా మళ్లీ అదే ఏర్పడుతుంది. సముద్రపు నీరు కూడా దాన్నేం చేయలేదు. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్లలో టైటానియం గొట్టాలు వాడేది అందుకే. పెయింటు అక్కర్లేదు కాబట్టి పగులు వస్తే దాక్కోవడానికీ చోటు లేదు. స్టీలుతో పోలిస్తే సుమారు రెండింతలు సాగే గుణం ఉంది కనుక గతుకుల్ని కొంత మింగుతుందంటారు. అయితే ఒంటికి తెలిసే సుఖం ఎక్కువగా టైరు వెడల్పు, గాలి బట్టే ఉంటుందని మా అనుభవం.

సైకిళ్లకి ఎక్కువగా వాడేది మూడు శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వెనేడియం కలిపిన మిశ్రమం. విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం వాడుతూ వచ్చినదే. ఇది చదువుతుంటే శ్రీకాకుళం మిత్రుడు అందుకున్నాడు. "మావూరి సముద్రపొడ్డున నల్ల ఇసుక ఉంటాది, అందులోంచి వచ్చేది ఇదే కదేటి!" నిజమే. ఆ ఇసుకలోని ఇల్మనైట్ టైటానియానికి ముడి ఖనిజం. హైదరాబాద్‌లోని మిధానిలో టైటానియం మిశ్రమాలు తయారవుతున్నాయి. మన నేల సంగతి దుబాయ్‌లో సైకిల్ విరిగితే గానీ మాకు తెలిసిరాలేదు.

ఖరీదు గడి దగ్గర

అన్ని గడుల్లో నెగ్గిన టైటానియం ఖరీదు దగ్గర ఆగిపోయింది. దాని వెల్డింగ్ ఆషామాషీ కాదు. వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ పీల్చుకుంటే పెళుసైపోతుంది. అందుకని గొట్టం లోపలా బయటా ఆర్గాన్ వాయువు నింపి అతకాలి. అందుకే కొత్తది మా జీతాలకి అందదు. అదృష్టవశాత్తూ స్వదేశం వెళ్లిపోతున్న ఓ యూరప్ పెద్దాయన తన ఫ్రేము 3,000 దిర్హాములకి ఇస్తానన్నారు.

డబ్బుంది. పది మందిమి నెలకి 500 చొప్పున వేసుకునే చిట్టీ ఆ నెల మావాడే ఎత్తుకున్నాడు. కానీ ఆ 5,000 ఊళ్లో బోరు కోసం. రూములో వాదన మొదలైంది. "గింత పైసలు సైకిల్‌కి పెడితే ఊళ్లె నవ్వరా తమ్మీ?" అని ఒకరు. "ఆస్పత్రికి పెట్టింది ఎవరు లెక్కగట్టిండ్రు?" అని ఇంకొకరు.

చివరికి వాడు భార్యకి ఫోన్ చేశాడు. డబ్బు సంగతి చెప్పాలంటే యాక్సిడెంట్ సంగతీ చెప్పాల్సిందే. చాలాసేపు అటువైపు మాట లేదు. తర్వాత అడిగిందట, "సైకిల్ ఇరిగిందా, నువ్విరిగినవా?" అని. అంతా విన్నాక, "అయితే మంచిదే కొనుక్కో. బోరు వచ్చే ఏడాది ఏయిద్దాం. ఇంకోపారి జ్వరమని చెప్పకు" అంది. ఆ చివరి మాట మా నలుగురికీ తగిలింది.

కొనేముందు టార్చి వేసి ఫ్రేము లోపలా బయటా వెల్డింగ్‌లు చూశాం. వెండి రంగు, లేత గడ్డి రంగు అయితే ఫరవాలేదు. ముదురు నీలం, బూడిద రంగు తేలితే ఆర్గాన్ సరిగ్గా అందలేదని అర్థం. మావాడి ఫ్రేము శుభ్రంగా ఉంది. బిగించేటప్పుడు మరలకీ సీటు రాడ్‌కీ యాంటీ సీజ్ గ్రీజు పూశాం. లేకపోతే టైటానియానికి తగిలిన అల్యూమినియం చెమటకి పాడై లోపలే పట్టేసుకుంటుంది. ఆ రాత్రే మా ముగ్గురి సైకిళ్లూ తిప్పి చూసుకున్నాం. ఒకదాంట్లో సీటు గొట్టం దగ్గర మళ్లీ అదే వెంట్రుక గీత! దాన్ని ఆ రోజే పక్కన పడేశాం. ఆ మిత్రుడు ఇప్పుడు కొత్త స్టీలు సైకిల్ తొక్కుతున్నాడు. వాన్ని తప్పుపట్టం. తుడిచి, నూనె రాసి చూసుకుంటే స్టీలూ ఏళ్లకేళ్లు పలుకుతుంది.

అందరూ టైటానియం కొనండని మేం చెప్పడం లేదు. రోజూ రూము నుంచి బస్టాప్ దాకా వెళ్లే అన్నలకి గట్టి స్టీలు సైకిల్, మంచి బ్రేకులు, హెల్మెట్, రాత్రి మెరిసే జాకెట్ చాలు. మీది ఏ ఫ్రేమైనా సరే, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. వెల్డింగ్‌ల పక్కన వేలితో తడిమి చూడండి. గీత కనబడితే పెయింటేలే అనుకోకండి.

మావాడు మాత్రం ఓ లెక్క వేసుకున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు వీసా రద్దు చేయించుకుని ఇంటికి పోయేనాడు ఆ ఫ్రేమును అట్టపెట్టెలో కట్టి వెంట తీసుకుపోతాడట. కొడుక్కి ఇప్పుడు ఎనిమిదేళ్లు. వాడి కాళ్లు పెడల్‌కి అందేనాటికి కూడా దానికి తుప్పు పట్టదు. ఈలోపు బోరు కోసం మళ్లీ చిట్టీ మొదలైంది.