కొత్త కంట్రోలర్, పాత బొటనవేలు

2015 నవంబర్ 10న 49.99 డాలర్లకు అమ్మకానికి వచ్చిన ఒక గేమ్ కంట్రోలర్, నాలుగేళ్లు తిరిగేసరికి 5 డాలర్లకు దిగింది. అప్పటి మారకంలో మొదటి ధర సుమారు 3,300 రూపాయలు, చివరి ధర సుమారు 360. గోదాముల్లో మిగిలిన సరుకంతా 2019 నవంబర్‌లో ఆ 5 డాలర్ల ధరకే కొద్ది రోజుల్లో ఊడ్చుకుపోయింది. తయారీ అక్కడితో ఆగింది. దాని పేరు స్టీమ్ కంట్రోలర్. తయారుచేసింది పీసీ గేముల అంగడి స్టీమ్‌ను 2003 నుంచి నడుపుతున్న అమెరికా కంపెనీ వాల్వ్.

అదే వాల్వ్ 2025 నవంబర్ 12న అదే పేరుతో ఇంకో కంట్రోలర్‌ను ప్రకటించింది. కొత్త వస్తువు అనగానే తొలి అభిప్రాయాల వాన మొదలవుతుంది. చేతిలో భలే కూర్చుందని ఒకరు, దీంతో ఆడటం నావల్ల కాదని ఇంకొకరు. వాటిని ఎలా చదవాలో తెలియాలంటే పాత కంట్రోలర్ కథ కంటే మంచి పాఠం లేదు. ఆ కథలో తొలి వాడకందార్లు పట్టుకున్న లోపాలు చాలావరకు నిజం. వాళ్లు చెప్పిన కారణాలు మాత్రం చాలావరకు తప్పు.

వాల్వ్ ఈ కంట్రోలర్‌ను మొదట 2013 సెప్టెంబర్‌లో ప్రకటించింది. ఆ డిసెంబర్‌లో నమూనా గేమింగ్ కంప్యూటర్లతో పాటు దీన్ని అమెరికాలో 300 మంది వాడకందార్లకు పంపింది. అప్పటి ఆలోచనలో నడిమధ్య ఒక టచ్‌స్క్రీన్ ఉండేది, అసలు స్టిక్కే లేదు. 2014లో టచ్‌స్క్రీన్ పోయింది. 2015లో ఎడమవైపు ఒక స్టిక్ వచ్చింది. చివరికి జనం చేతికి వచ్చినదానిలో గుండ్రటి టచ్‌ప్యాడ్లు రెండు, స్టిక్ ఒకటి, వెనక పట్టు దగ్గర బటన్లు రెండు, లోపల చేతి కదలికను కొలిచే గైరో, రెండు పెన్సిల్ సెల్లులు ఉన్నాయి. ట్రిగ్గర్ సగం నొక్కితే ఒక పని, చివరిదాకా నొక్కితే టక్కున తగిలి ఇంకో పని. కుడి స్టిక్ లేదు. దాని చోట ప్యాడ్ ఉంది. గొడవంతా అక్కడే.

రెండు స్టిక్కులున్న సోనీ డ్యూయల్‌షాక్ కంట్రోలర్ జపాన్‌లో విడుదలైంది 1997 నవంబర్‌లో. ఎడమ బొటనవేలితో నడవడం, కుడి బొటనవేలితో చూపు తిప్పడం అప్పటినుంచీ స్థిరపడుతూ వచ్చిన పద్ధతి. 2015 నాటికి ఆ అలవాటు వయసు 18 ఏళ్లు. పదేళ్లప్పుడు ఆట మొదలుపెట్టినవాడు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లవాడు. అంతకాలం ఒక పని చేసిన బొటనవేలిని ఒక్క సాయంత్రంలో మార్చుకోమని అడిగింది ఈ కంట్రోలర్. కుడి ప్యాడ్ కోసం ఏ, బీ, ఎక్స్, వై బటన్లు కాస్త కిందికి, లోపలికి జరిగాయి. వాటిని అందుకోవడానికి వేలు వంచాల్సి వస్తోందన్నది మొదటి వారంలో గట్టిగా వినిపించిన ఫిర్యాదు. ప్లాస్టిక్ తేలికగా ఉందన్నది ఇంకొకటి. ఇవి రెండూ న్యాయమైనవే.

మూడోది మాత్రం కొంచెం ఆగి చూడాల్సింది. "చూపు సరిగ్గా తిరగడం లేదు" అన్నారు. ఎందుకు తిరగలేదు?

స్టిక్ చెప్పేది వేగం. మౌస్, టచ్‌ప్యాడ్ చెప్పేవి దూరం. స్టిక్‌ను కుడికి వంచి పట్టుకుంటే తెరమీద చూపు తిరుగుతూనే ఉంటుంది, వదిలితేనే ఆగుతుంది. ఒక ఆటలో స్టిక్‌ను పూర్తిగా వంచితే చూపు సెకనుకు 180 డిగ్రీలు తిరుగుతుందనుకుందాం. అప్పుడు పక్కకు, అంటే 90 డిగ్రీలు తిరగాలంటే అర సెకను పట్టి తీరుతుంది. మీరెంత నేర్పరి అయినా అంతకన్నా త్వరగా తిరగలేరు. ప్యాడ్ మీద అలా కాదు. వేలు ఎంత దూరం జరిగితే చూపు అంత దూరం తిరుగుతుంది, ఎంత వేగంగా జరిగితే అంత వేగంగా తిరుగుతుంది. అదే 90 డిగ్రీలు అర సెకనులో పావు వంతులో కూడా అయిపోవచ్చు. స్టిక్‌కు అలవాటుపడ్డ వేలు ప్యాడ్‌ను అంచుదాకా తోసి అక్కడే పట్టుకుని కూర్చుంటుంది. చూపు కదలదు. వాడకందారుకు అది కంట్రోలర్ తప్పుగా కనిపిస్తుంది.

ఇది నాకు అనుభవమే. వాల్వ్ ఆ కంట్రోలర్‌ను మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలే దారి. 2016 వేసవిలో మా పెదనాన్నగారబ్బాయి డాలస్ నుంచి వస్తూ ఒకటి తెచ్చిపెట్టాడు. మొదటిరోజు పోర్టల్ 2 అనే గేము పెట్టుకుని కూర్చుంటే చూపు ఒకసారి పైకప్పుకు, ఒకసారి నేలకు. గంటన్నరకు విసుగొచ్చి పక్కన పెట్టేశాను. ఆ రాత్రే ఎవరైనా అడిగి ఉంటే బాగాలేదనే చెప్పేవాణ్ని. రెండో వారం సెట్టింగుల్లో ఒకటి మార్చాను. ప్యాడ్‌ను ట్రాక్‌బాల్‌లా పనిచేసేలా పెట్టాను. బొటనవేలితో ప్యాడ్‌ను ఒక్క విసురు విసిరితే, లోపల నిజంగా బంతి ఉన్నట్టు చూపు దొర్లుకుంటూ పోతుంది. వేలి కింద టిక్ టిక్ మని సన్నటి అదురు. పాత చేతి గడియారానికి కీ ఇస్తుంటే వేలికి తగిలే మెట్ల లాంటిది. బంతి నెమ్మదించినకొద్దీ ఆ టిక్కుల మధ్య ఎడం పెరుగుతుంది. చూపు ఎక్కడ ఆగబోతోందో కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. అక్కణ్నుంచి ఆట మారిపోయింది. మొదటిరోజు అభిప్రాయానికీ, మూడోవారం అభిప్రాయానికీ మధ్య కంట్రోలర్‌లో ఒక్క స్క్రూ కూడా మారలేదు.

సాఫ్ట్‌వేర్ పాత్ర ఇంకా ఉంది. ఇక్కడ కొన్ని అంకెలు దగ్గరగా చూడాలి. విండోస్‌లో గేములు ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్‌ను చదివే పద్ధతిని ఎక్స్‌ఇన్‌పుట్ అంటారు. అందులో స్టిక్ స్థానం -32,768 నుంచి 32,767 వరకు ఒక అంకెగా వస్తుంది. నడిమధ్య సున్నా. కానీ స్టిక్‌ను వదిలేస్తే స్ప్రింగు దాన్ని ప్రతిసారీ సరిగ్గా సున్నాకే తేలేదు. అటూ ఇటూ కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడాను కదలికగా పొరబడకుండా, నడిమధ్య కొంత భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తారు. అదే డెడ్‌జోన్. మైక్రోసాఫ్ట్ సూచించిన విలువలు ఎడమ స్టిక్‌కు 7,849, కుడి స్టిక్‌కు 8,689. శాతాల్లో చూస్తే ఎడమది 24, కుడిది 26.5. అంటే కుడి స్టిక్ ప్రయాణంలో నాలుగోవంతుకు పైగా ఖాళీ. ఆ సూచనను యథాతథంగా వాడుకున్న గేములో మీ వేలు మొదటి నాలుగోవంతు ఏం చేసినా గేముకు వినపడదు.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. మౌస్‌ను ఒప్పుకోని గేముల్లో ప్యాడ్ తానే స్టిక్‌నని నటించాలి. వేలు మిల్లీమీటరు కదిలితే అది పంపే చిన్న అంకె ఆ డెడ్‌జోన్‌లో పడి మాయమవుతుంది. కాస్త ఎక్కువ కదిలితే ఒక్కసారిగా దూకుతుంది. తొలి వాడకందార్లు "కుదుపులు" అన్నది చాలాసార్లు దీన్నే. మౌస్‌ను, గేమ్‌ప్యాడ్‌ను ఒకేసారి తీసుకోలేని గేముల్లో ఇంకో చికాకు. ప్యాడ్ తాకగానే తెరమీద కీబోర్డు గుర్తులు, స్టిక్ తాకగానే గేమ్‌ప్యాడ్ గుర్తులు, రెండూ మారిమారి మినుకుమంటాయి. ఇవన్నీ వాడేవాళ్లకు నిజమైన కష్టాలే. వాటి వేరు కంట్రోలర్‌లో లేదు, గేమ్ రాసిన తీరులో ఉంది. ఆ తేడా చెప్పని సమీక్ష కొనేవాడికి సాయం చేయదు.

తొలివారంలో ఎవరూ చెప్పలేని అతి ముఖ్యమైన విషయం మన్నిక. మామూలు స్టిక్కుల్లో పొటెన్షియోమీటర్ ఉంటుంది. చిన్న కార్బన్ పట్టీ మీద ఒక లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకున్నది అరుగుతుంది. అరిగాక వదిలేసిన స్టిక్ కూడా కదులుతున్నట్టు అంకెలు వస్తాయి. దాన్నే డ్రిఫ్ట్ అంటాం. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ 2021లో ఒక లెక్క వేసింది. ఆ స్టిక్ భాగం ఆయుష్షు 20 లక్షల తిప్పులు. వేగంగా సాగే కాల్పుల ఆటలో నిమిషానికి 80 తిప్పులు అనుకుంటే 25,000 నిమిషాలు, అంటే 417 గంటలు. రోజుకు రెండు గంటలు ఆడే కుర్రాడికి అది ఏడు నెలలు. వారంటీ కాగితం పసుపు రంగుకు తిరగకముందే స్టిక్ ఆయుష్షు తీరవచ్చన్నమాట. నా దగ్గరున్న ఒక కంట్రోలర్ పద్నాలుగో నెలలో సరిగ్గా ఇలాగే పోయింది. కొన్న వారం రోజులకు దానికి నేనే అయిదు చుక్కలు ఇచ్చాను.

అందుకే కొత్త స్టీమ్ కంట్రోలర్ వివరాల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించింది స్టిక్కుల లోపలి సంగతి. వాటిలో టీఎంఆర్ అనే అయస్కాంత సెన్సర్లు పెట్టారు. స్టిక్‌తో పాటు అయస్కాంతం కదులుతుంది, సెన్సర్ తాకకుండానే దాన్ని కొలుస్తుంది. రాసుకునేది లేదు కాబట్టి ఆ చోట అరిగేదీ లేదు. అయస్కాంతంతో కొలవడం అనే ఆలోచన పాతదే. సెగా డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ 1998లోనే హాల్ సెన్సర్‌తో స్టిక్ ఇచ్చింది. తర్వాత రెండు దశాబ్దాలు పెద్ద కంపెనీలు అటువైపు పెద్దగా చూడకపోవడం వాడకందార్లకు జరిగిన నష్టమని నా గట్టి అభిప్రాయం.

మిగతా అంకెలు చకచకా చూద్దాం. బరువు 292 గ్రాములు, ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ సుమారు 280. బ్యాటరీ 8.39 వాట్-అవర్లు, 35 గంటలకు పైగా వస్తుందని వాల్వ్ మాట. భాగించి చూస్తే గంటకు పావు వాట్-అవర్ కూడా కాదు. కంప్యూటర్‌కు తగిలించే చిన్న బిళ్ల ఒకటి ఉంది. అదే వైర్‌లెస్ రిసీవర్, అదే చార్జర్. దాని ద్వారా కంట్రోలర్ ప్రతి 4 మిల్లీసెకన్లకు ఒకసారి తన స్థితి చెబుతుంది, మొత్తం ఆలస్యం సుమారు 8 మిల్లీసెకన్లు అంటున్నారు. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెరమీద ఒక ఫ్రేము నిలిచేది 16.7 మిల్లీసెకన్లు. కాబట్టి ఆ ఆలస్యం సగం ఫ్రేముకు లోపే. అయితే ఆ కొలత అయిదు మీటర్ల దూరంలో తీసింది. గోడలు అడ్డున్న ఇంట్లో, పక్కనే వైఫై రౌటర్ ఉన్న బల్ల మీద ఎలా ఉంటుందో తొలి వాడకందార్లు చెప్పాలి. వాళ్ల మాట నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

ప్యాడ్లు పోలేదు. ఇదీ గమనించాల్సిందే. 2015లో అంతమంది వద్దన్న ప్యాడ్లే 2022 ఫిబ్రవరిలో విడుదలైన వాల్వ్ చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్‌లో 32.5 మిల్లీమీటర్ల చదరాలుగా తిరిగొచ్చాయి. కొత్త కంట్రోలర్‌లో అవి 34.5 మిల్లీమీటర్లు. వైశాల్యం 12 శాతానికి పైగా పెరిగింది. తేడా ఒక్కటే. ఈసారి రెండు స్టిక్కులూ వాటి పాత చోటనే ఉన్నాయి, ప్యాడ్లు వాటి కింద అదనంగా వచ్చాయి. బొటనవేలి అలవాటుతో కయ్యం పెట్టుకోకుండా, కొత్తది నేర్చుకునే దారి తెరిచి ఉంచారు. 2015 నాటి తొలి వాడకందార్లు అడిగింది అదే. వాళ్ల కారణాలు తప్పినా వాళ్ల కోరిక తప్పలేదు.

పాత కంట్రోలర్ ఓడిందా అంటే, 2016 జూన్ నాటికి 5 లక్షలకు పైగా, మొత్తం మీద 16 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. వెనక బటన్ల విషయంలో పేటెంటు ఉల్లంఘన జరిగిందంటూ ఐరన్‌బర్గ్ ఇన్వెన్షన్స్ వేసిన దావాలో 2021 ఫిబ్రవరిలో అమెరికా జ్యూరీ వాల్వ్‌కు 40 లక్షల డాలర్లకు పైగా పరిహారం విధించింది. ఒక్కో కంట్రోలర్‌కు పంచితే దాదాపు రెండున్నర డాలర్లు. అంటే 5 డాలర్ల చివరి ధరలో సగం. కానీ ఆ కంట్రోలర్ కోసం వాల్వ్ రాసిన సాఫ్ట్‌వేర్, ఏ బటన్‌కు ఏ పని అప్పగించాలో వాడకందారే నిర్ణయించుకునే స్టీమ్ ఇన్‌పుట్, ఇప్పుడు ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లకు కూడా పనిచేస్తోంది. 2024లో వాల్వ్ చెప్పిన లెక్క ప్రకారం స్టీమ్‌లో కంట్రోలర్‌తో ఆడేవాళ్ల రోజువారీ వాటా 2018తో పోలిస్తే మూడింతలై 15 శాతానికి చేరింది, ఆ ఆటల్లో 42 శాతం స్టీమ్ ఇన్‌పుట్ మీదుగానే సాగుతున్నాయి.

మీ చేతికి ఏ కొత్త కంట్రోలర్ వచ్చినా ఒక చిన్న పని చేయండి. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. కంట్రోలర్‌ను ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కితే ఒక చదరంలో చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. స్టిక్‌ను నాలుగు దిక్కులా తిప్పి టక్కున వదిలేయండి. గుర్తు ఎక్కడ ఆగిందో ఫోనుతో ఫొటో తీసుకోండి. మూణ్నెల్ల తర్వాత అదే పని చేసి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి. కంట్రోలర్ గురించి నలుగురికి చెప్పేటప్పుడు ఆ రెండు ఫొటోలతో పాటు మీరు ఎన్ని గంటలు ఆడారో ఆ అంకె కూడా వేయండి.