చురుకైన బుర్ర, నిలవని ధ్యాస: మందు ఎప్పుడు?

పై తరగతి లెక్కలు నోటితోనే చేసేస్తాడు. పరీక్షలో మాత్రం సగం ప్రశ్నలు వదిలేసి వస్తాడు. టిఫిన్ డబ్బా రోజూ బడిలోనే మర్చిపోతాడు. "తెలివి ఉంది, శ్రద్ధే లేదు" అని ఇంట్లో, బడిలో ఒకటే మాట. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది ఏడీహెచ్‌డీ అనే నాడీ వికాస సమస్య.

తెలివి ఈ సమస్యను కొన్నేళ్లు కప్పిపుచ్చగలదు. ఒక్కసారి వింటే గుర్తుండే పిల్లలకు చిన్న తరగతుల్లో మార్కులు తగ్గవు. పాఠాలు పెరిగి, పనిని వరుసలో పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది బయటపడుతుంది. మరోవైపు, పాఠం మరీ తేలికై విసుగెత్తిన పిల్లవాడు కూడా కుదురుగా కూర్చోడు. అతనికి మందు అక్కర్లేదు, కఠినమైన పాఠం కావాలి.

ఈ రెండింటినీ వేరుచేసే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపిస్తూ, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తున్నాయా అని వైద్యులు చూస్తారు. చూపు, వినికిడి, నిద్ర, ఆందోళన, చదువులో ప్రత్యేక ఇబ్బందులను కూడా పరిశీలిస్తారు.

పుదుచ్చేరి పట్టణంలోని జిప్‌మర్‌లో పిల్లల వైద్యం, మానసిక వైద్యం రెండు విభాగాలూ ఉన్నాయి. అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం నుంచి వచ్చే తెలుగు కుటుంబం ఉపాధ్యాయుల అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తెచ్చుకోవడం మంచిది. తెలివితేటల పరీక్షలో భాష కూడా ముఖ్యమే. పిల్లవాడికి సరిగా రాని భాషలో పెడితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్. మెదడు కణాలు విడుదల చేసిన డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్‌లు వెంటనే వెనక్కి పోకుండా ఇది అడ్డుకుంటుంది. దాంతో ధ్యాస నిలుస్తుంది. ఆకలి, నిద్ర తగ్గవచ్చు. గుండె వేగం, రక్తపోటు కాస్త పెరగవచ్చు. అందుకే బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు క్రమం తప్పకుండా చూస్తారు. భారత్‌లో ఇది మాదకద్రవ్యాల చట్టం నియంత్రణలో ఉంది. వైద్యుల చీటీ లేకుండా వాడకూడదు.

1999లో అమెరికాలో 579 మంది పిల్లలపై 14 నెలలు సాగిన ఎంటీఏ అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. ప్రవర్తనా చికిత్స ఒక్కటే ఇచ్చినప్పటికంటే, జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందుతో ప్రధాన లక్షణాలు ఎక్కువ తగ్గాయి. రెండూ కలిపి పొందిన పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. కానీ మూడేళ్లనాటికి ఆ బృందాల మధ్య తేడా మిగల్లేదు. అంటే మొదట తీసుకున్న నిర్ణయాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించాలి.

ఆరేళ్లలోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకు ప్రవర్తనా శిక్షణ ఇవ్వడమే మేలు. పెద్ద పిల్లల విషయంలో తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొన్ని వారాలు ఇల్లు, బడి రెండింటి నుంచి మార్పులు రాయించుకోవాలి. ఉపయోగం లేకపోతే వైద్యుల సలహాతో ఆపవచ్చు.

మందు తెలివిని పెంచదు, తగ్గించదు. ర్యాంకు కోసం వేయాల్సింది కాదు. స్నేహితులు దూరమై, రోజూ తిట్లు తింటూ, "నేను చేతకానివాణ్ణి" అని బిడ్డ నమ్మడం మొదలుపెడితే, మార్కులు బాగున్నా సరే, వైద్యులను కలవాలి. ఆ సంభాషణలో బిడ్డ మాటనూ వినాలి.