మాయమైన హుడీనీ... 96 ఏళ్లకు దొరికాడు!

చేతులకు సంకెళ్లు వేసి, పెట్టెలో బంధించి నీళ్లలోకి దించినా బయటికొచ్చేసే ఇంద్రజాలికుడు హ్యారీ హుడీనీ. అలాంటి మనిషి హీరోగా నటించిన సినిమాయే కనిపించకుండా పోయింది. దాన్ని వెతికి పట్టుకున్న కథలో మీకు పనికొచ్చే కెరియర్ పాఠం ఒకటుంది.

ఆ సినిమా పేరు 'ద గ్రిమ్ గేమ్'. 1919లో పారామౌంట్ విడుదల చేసిన మూకీ చిత్రం. ఒక విమానం నుంచి ఇంకో విమానంలోకి మారే సీన్ తీస్తుండగా రెండూ గాల్లోనే ఢీకొన్నాయి. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణాలూ పోలేదు. మూడో విమానంలోని కెమెరా మాత్రం ఆగలేదు. ఆ నిజమైన ప్రమాదాన్నే కథలో కలిపేశారు. తర్వాత దశాబ్దాల పాటు అభిమానులకు మిగిలింది ఆ కొద్ది నిమిషాల ముక్కే. పూర్తి సినిమా లేనట్టేనని చాలామంది అనుకున్నారు.

ఎందుకు పోతాయి?

టాకీలు వచ్చాక మూకీలను పట్టించుకున్నవారు తక్కువ. పైగా అప్పటి నైట్రేట్ ఫిల్మ్‌కు ఇట్టే మంటలు అంటుకుంటాయి. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరవు. మంటల నుంచి తప్పించుకున్నా, ఏళ్లు గడిచేకొద్దీ జిగటగా మారి చివరికి పొడైపోతుంది. అమెరికాలో 1912-29 మధ్య దాదాపు 11 వేల మూకీ కథాచిత్రాలు రాగా వాటిలో సుమారు 70 శాతం పూర్తిగా పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది.

ఎలా దొరికింది?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో లారీ వీక్స్ అనే జగ్లర్ ఉండేవారు. 1947లో హుడీనీ ఎస్టేట్ నుంచి ఈ సినిమా ప్రింటును సంపాదించి దాచుకున్నారు. ఎవరికీ అమ్మలేదు, చూపించింది కూడా అరుదే. హుడీనీ పేరిట స్క్రాంటన్‌లో మ్యూజియం నడుపుతున్న డొరొతీ డైట్రిచ్ ద్వారా ఈ సంగతి రిక్ ష్మిడ్లిన్‌కు చేరింది.

ష్మిడ్లిన్ ఈ రంగానికి కొత్తవాడు కాదు. ఆర్సన్ వెల్స్ రాసిన 58 పేజీల మెమోను ఆధారంగా చేసుకుని 'టచ్ ఆఫ్ ఈవిల్' సినిమాను 1998లో మళ్లీ ఎడిట్ చేయించిన నిర్మాత. ఆయన నేరుగా వీక్స్‌ను కలిసి మాట్లాడి నమ్మకం సంపాదించారు. టీసీఎం చానల్ డబ్బు పెట్టింది. పెద్దాయన ఒప్పుకొన్నారు. ప్రింటును బాగుచేసి 2015 మార్చిలో హాలీవుడ్‌లో ప్రదర్శించారు. అప్పటికి వీక్స్ లేరు. అంతకు కొన్ని నెలల ముందే, 2014లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పలకరింపు ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే డబ్బాలు ఎటు పోయేవో!

ఈ పనిలో ఏముంటుంది?

అదృష్టం కలిసొచ్చిందిలే అని తీసిపారేయకండి. దీని వెనకాల ఓ పద్ధతి ఉంటుంది. సినిమా చివరిసారి ఎవరి చేతిలో ఉంది, హక్కులు ఎవరికి వెళ్లాయి, వారసులెవరు, వేలం జాబితాల్లో ఎక్కడైనా కనిపించిందా... ఇలా కాగితాల జాడ పట్టుకుని వెళ్లాలి. డబ్బా మీద రాసిన పేరును గుడ్డిగా నమ్మకూడదు. కొడాక్ ఫిల్మ్ అంచున ఉండే వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి చిన్న గుర్తులు ఆ ఫిల్మ్ ఏ ఏడాది తయారైందో చెబుతాయి. అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చేవి కాబట్టి మిగతా ఆధారాలతో సరిచూసుకోవాలి.

ప్రచారాన్నీ నమ్మకూడదు. విమానం నుంచి వేలాడింది హుడీనీయేనని అప్పట్లో ఊదరగొట్టారు. నిజానికి ఆ సాహసం చేసింది రాబర్ట్ కెనెడీ అనే డూప్!

ఏం చదవాలి?

సినిమా పిచ్చి ఒక్కటే చాలదు. జాబితాలు తయారుచేయడానికి లైబ్రరీ సైన్స్, ఆధారాల వేటకు చరిత్ర, ఫిల్మ్ పాడవకుండా చూసేందుకు కెమిస్ట్రీ, స్కానింగ్‌కూ డిజిటల్ మరమ్మతులకూ కంప్యూటర్ నైపుణ్యాలు... ఏ డిగ్రీవాళ్లకైనా ఓ మూల చోటుంటుంది. లైబ్రరీ సైన్స్ ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఉంది. ముంబయికి చెందిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వర్క్‌షాపులు నిర్వహిస్తుంటుంది. 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది. పుణెలో 1964లో మొదలైన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీలో భాగం. విదేశాలకు వెళ్లగలిగితే అమెరికాలోని రాచెస్టర్‌లో సెల్జ్‌నిక్ స్కూల్ ఏడాది సర్టిఫికెట్ కోర్సు అందిస్తోంది. ఒక్క మాట: ఇంజినీరింగ్ కొలువుల్లా ఇక్కడ వందల ఖాళీలుండవు. ఇష్టం ఉంటేనే అడుగేయండి.

మన ఇంట్లోనూ...

ఈ బాధ అమెరికాది మాత్రమే కాదు. మనవాళ్లు తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) లేదు, దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) కూడా లేదు. మీ ఊళ్లో మూతపడ్డ థియేటర్ ఉందా? రిటైరైన ఆపరేటర్ తాతగారున్నారా? ఈ ఆదివారం వెళ్లి పలకరించండి. ఏ సినిమాలు ఆడించారో, రీళ్లు ఎక్కడికి పంపేవారో అడిగి రాసుకోండి. పాత డబ్బా కనిపిస్తే మాత్రం తొందరపడి ప్రొజెక్టర్‌కు ఎక్కించొద్దు. వేడి, నిప్పు దగ్గరికి రానీయకుండా, మూత మీదున్నది ఫొటో తీసి ఆర్కైవ్‌కు పంపండి. మీ రెజ్యూమెలో మొదటి ప్రాజెక్టు అదే కావచ్చు.