స్వేచ్ఛా విహార విమాన నమూనాలలో ఎలక్ట్రానిక్ టైమర్లు

555 టైమర్, క్వార్ట్జ్ డోలకం, మైక్రోకంట్రోలర్ - ఈ మూడింటిని మీరు గత భాగాలలో విడివిడిగా చదివారు. వాటి మధ్య ఉన్న తేడా పరీక్షలో రాయడానికి తప్ప ఎందుకు పనికివస్తుందని చాలామంది విద్యార్థులు నన్ను అడిగేవారు. ఒక తేలికపాటి బాల్సా కర్ర విమానాన్ని తీసుకుంటే ఆ తేడా కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. అందుకే ఈ ఉదాహరణను ఎంచుకున్నాను.

టైమర్ అవసరం ఎందుకు?

చేతి నుంచి వదిలిన తరువాత నేల మీది మనిషి నడపలేని నమూనాను స్వేచ్ఛా విహార నమూనా అంటారు. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరు శక్తితో 11 సెకన్లు ఎగరవేసిన బొమ్మ విమానం ఈ కోవలోదే. నేటి అంతర్జాతీయ పోటీలలో వీటికి తరగతులు ఉన్నాయి. ఎఫ్1ఎ అంటే 50 మీటర్ల తాడుతో గాలిపటంలా పైకి లాగి వదిలే గ్లైడర్. ఎఫ్1బి రబ్బరుతో, ఎఫ్1సి చిన్న ఇంజనుతో ఎగురుతాయి. సాధారణంగా ఒక రౌండులో లెక్కలోకి వచ్చే గరిష్ఠ కాలం 3 నిమిషాలు, అంటే 180 సెకన్లు. అంతకు మించి ఎగిరినా అదనపు మార్కులు రావు.

మరి ఎక్కువసేపు ఎగిరితే నష్టమేమిటి? ఎండకు వేడెక్కిన నేల మీద నుంచి గాలి స్తంభంలా పైకి లేస్తుంది. దీన్నే థర్మల్ అంటారు. గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోవడం మీరు చూసే ఉంటారు. నమూనా కూడా అలాగే పోతుంది, కాని గద్దలా తిరిగి రాదు. గాలివాటున కిలోమీటర్ల దూరం కొట్టుకుపోతుంది. నెలల తరబడి చేసిన వస్తువు పది నిమిషాలలో మాయమవుతుంది.

దీనికి విరుగుడు డీథర్మలైజర్. నిర్ణీత కాలం కాగానే తోక పలక వెనుక అంచు రబ్బరు బ్యాండు లాగుడుకు ఒక్కసారిగా సుమారు 45 డిగ్రీలు పైకి లేస్తుంది. రెక్కల మీది గాలి ప్రవాహం చెదిరి, నమూనా ముందుకు సాగకుండా ఉన్న భంగిమలోనే కిందికి దిగుతుంది. తోకను పట్టి ఉంచిన దారాన్ని సరైన క్షణంలో వదలడమే టైమర్ పని.

వత్తి నుంచి గడియారం వరకు

తొలిరోజులలో ఈ పనిని నెమ్మదిగా కాలే నూలు వత్తి చేసేది. వత్తి కాలి రబ్బరు బ్యాండును తాకగానే అది తెగేది. గాలి ఎక్కువైతే వత్తి త్వరగా కాలేది, చెమ్మగా ఉంటే ఆలస్యమయ్యేది. ఎండుగడ్డిలో నిప్పు పడే ప్రమాదం ఎలాగూ ఉంది. తరువాత కీ ఇచ్చే స్ప్రింగు టైమర్లు వచ్చాయి. తిరిగే బిళ్ల అంచున ఉన్న గాట్లు ఒక్కొక్క దారాన్నే వరుసగా వదిలేవి. ఇవి చక్కటి యంత్రాలు. ఇప్పటికీ వీటినే నమ్ముకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. అయితే ఇసుక రేణువు చేరినా, నూనె చిక్కబడినా వేగం మారుతుంది.

555తో నేను నేర్చుకున్న పాఠం

హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన 555 చిప్ 1972లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని కాల సూత్రం మీకు తెలుసు: T = 1.1 RC. 180 సెకన్లు కావాలంటే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు సుమారు 164 కిలో ఓమ్ నిరోధకం చాలు. చాలా సులువు అనిపిస్తుంది. సుమారు ముప్పై ఏళ్ల కిందట నాకూ అలాగే అనిపించింది.

నా దగ్గర చదివే ఒక కుర్రవాడు మూడు నెలలు కష్టపడి మీటరున్నర రెక్కల గ్లైడర్ చేశాడు. టైమర్ నేను చేసిచ్చాను. ఎలాగూ ముక్కులో బరువు పెట్టాలి కనుక 9 వోల్టుల బ్యాటరీ అక్కడే సరిపోయింది. సాయంత్రం ల్యాబ్‌లో పదిసార్లు పరీక్షించాం, ప్రతిసారీ మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా తోక లేచింది. మర్నాడు మధ్యాహ్నం కోత కోసిన పొలంలో వదిలాం. మూడు నిమిషాలైంది, నాలుగైంది. తోక లేవలేదు. ఆరో నిమిషానికి అది చుక్కంత అయింది, ఆ తరువాత కనపడలేదు. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

కారణం తెలుసుకోవడానికి అదే రకం కెపాసిటర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చూశాను. వోల్టేజి 5 దగ్గర ఆగిపోయింది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా గమనించండి. 555 మారాలంటే కెపాసిటర్ వోల్టేజి సరఫరాలో మూడింట రెండు వంతులకు, అంటే 6 వోల్టులకు చేరాలి. ఆ దశలో నిరోధకం మీద మిగిలేది 3 వోల్టులే. అంటే లోపలికి వచ్చే విద్యుత్తు 3 ÷ 164,000, దాదాపు 18 మైక్రో ఆంపియర్లు. పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ నుంచి ఎంతో కొంత విద్యుత్తు కారుతూనే ఉంటుంది, వేడి పెరిగితే అది ఇంకా పెరుగుతుంది. ఎంత వస్తుందో అంతా కారిపోతే చిల్లుకుండలో నీళ్ల మట్టంలా వోల్టేజి ఒకచోట నిలిచిపోతుంది. అప్పుడు టైమర్ ఆలస్యం కావడం కాదు, అసలు ముగియదు. సూత్రంలో తప్పు లేదు. అది కారని కెపాసిటర్‌కు రాసిన సూత్రం అన్న సంగతి నేను మరిచాను.

లెక్కపెట్టే టైమర్

మైక్రోకంట్రోలర్ కెపాసిటర్ నిండేదాకా వేచి ఉండదు, స్పందనలను లెక్కపెడుతుంది. గడియారాలలో వాడే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇది 2 యొక్క 15వ ఘాతం. కనుక 15 సార్లు సగం చేస్తే సెకనుకు సరిగ్గా ఒక స్పందన వస్తుంది. స్ఫటికం దోషం పది లక్షలలో 20 వంతులు అనుకుంటే 180 సెకన్లకు తేడా 0.0036 సెకను. చిప్ లోపలి డోలకంతోనే సరిపెట్టుకుని 1 శాతం దోషం ఉందనుకున్నా తేడా 1.8 సెకన్లు.

ఈ రెంటిలో ఏది కావాలి? తోక లేపడానికైతే ఏదైనా ఫరవాలేదు. నమూనా నేలను తాకేవరకు కాలం లెక్కలోకి వస్తుంది కనుక, ఎత్తులో ఉన్నప్పుడు రెండు సెకన్లు ముందూ వెనకా అయితే మునిగేది లేదు. సూక్ష్మత కావలసింది మొదటి కొద్ది సెకన్లలోనే. సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి దూసుకుపోయే నమూనాను తీసుకోండి. పదో వంతు సెకను అంటే 2 మీటర్లు. ఎఫ్1ఎ గ్లైడర్ కొక్కెం నుంచి తాడు వీడగానే టైమర్ మొదలవుతుంది. నిటారుగా లేచిన నమూనా వేగం కోల్పోయి వెనక్కి పడకముందే తోక కోణాన్ని క్షణంపాటు మార్చి ముక్కును కిందికి వంచాలి, ఆ వెంటనే తేలే భంగిమకు తేవాలి. టైమర్ జ్ఞాపకంలో ఇదంతా 'ఎన్నో సెకనులో తోక ఏ కోణంలో' అనే చిన్న పట్టికగా ఉంటుంది. తోకను కదిలించేది సర్వో మోటారు. 20 మిల్లీసెకన్లకొకసారి పంపే స్పందన వెడల్పు 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య ఎంత ఉంటే సర్వో అంత కోణానికి తిరుగుతుంది. బిళ్ల అంచున గాటు జరపాలంటే ఆకురాయి పట్టాలి, ఇక్కడ ఒక అంకె మారిస్తే చాలు.

ఇందులోనూ ఒక గొయ్యి ఉంది. సర్వో కదలబోయే క్షణంలో 0.7 ఆంపియర్ లాగిందనుకుందాం. 3.7 వోల్టుల బ్యాటరీ అంతర్నిరోధం 1 ఓమ్ అయితే 3 వోల్టులు మిగులుతాయి. పాతబడి 2 ఓమ్‌లైతే 2.3 మాత్రమే. చిప్ స్పృహ తప్పి మళ్లీ లేచి సున్నా నుంచి లెక్క మొదలుపెడితే, నా గ్లైడర్ కథే పునరావృతమవుతుంది. అందుకే విహారం మొదలైందన్న గుర్తును విద్యుత్తు పోయినా చెరగని జ్ఞాపకంలో రాయాలి. చిప్ లేవగానే ఆ గుర్తు కనబడితే ఇక లెక్కపెట్టకుండా వెంటనే తోక లేపాలి. ఒక విహారం పాడైనా నమూనా దక్కుతుంది. రేడియో ద్వారా తోక లేపే సౌకర్యాన్ని నియమాలు అనుమతిస్తున్నాయి, కాని తిరిగి వెనక్కి తీసుకోలేని చర్యగా మాత్రమే.

అభ్యాసం: 240 సెకన్ల 555 టైమర్‌ను 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో చేయాలంటే ఎంత నిరోధకం కావాలి? సరఫరా 9 వోల్టులైతే, 555 మారే క్షణంలో కెపాసిటర్‌లోకి వచ్చే విద్యుత్తు ఎంత? ఆ కెపాసిటర్ నుంచి 10 మైక్రో ఆంపియర్లు కారుతుంటే మీరు ఈ టైమర్‌ను ఎగరేస్తారా?