ఎండిన కుంటలో పీహెచ్‌డీ

ఆలూరులో డిగ్రీ ముగించిన పిల్ల ఇంట్లో కూర్చుని "నీళ్ల మీద పరిశోధన చేస్తా" అంటే మొదట వినబడేది ఇలాంటి మాటే: "ఏమ్మా, తాగనీకే నీళ్లు లేకుంటే నీళ్ల సదువా?" వెటకారమే గానీ అందులో న్యాయం ఉంది. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోని నుంచి బళ్లారి పోయే దారి మీద ఉన్న ఊరు. నల్లరేగడి నేల. ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, ఆవిరయ్యేది దాదాపు అంతకు మూడింతలు. హగరి ఏరు ఉంది, నిజమే. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక దారి. నీటిలో బతికే జీవుల గురించి చదవాలనుకునేవాళ్లు కొల్లేరుకు పోతారు, పులికాట్‌కు పోతారు. ఇక్కడికెందుకు వస్తారు?

రావాలనే ఈ కథనం. కొల్లేరు మీద ఇప్పటికే బోలెడు పరిశోధన జరిగింది. నీరు వచ్చి, కొన్నాళ్లుండి, వెళ్లిపోయే చోట ఏం జరుగుతుందో తెలిసింది మాత్రం చాలా తక్కువ. 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచ నదులూ వాగుల మొత్తం పొడవులో సగానికి పైగా ఏడాదికి కనీసం ఒక్కరోజైనా పారకుండా ఆగిపోతుంది. అంటే లోకంలో ఎక్కువ ఏర్లు గోదావరిలా ఉండవు, హగరిలా ఉంటాయి. పాఠ్యపుస్తకాలు మాత్రం నిండుగా పారే నదుల్ని చూసి రాసినవే.

ఎస్‌ఎస్ ట్యాంకులో ఏముంది?

ఈ ప్రాంతం తాగునీటికి పెద్ద దిక్కు తుంగభద్ర దిగువ కాలువ. ఇక్కడ అందరూ ఎల్‌ఎల్‌సీ అనే అంటారు. హొస్పేట దగ్గర డ్యాంలో బయలుదేరి, కర్ణాటకలో సుమారు 250 కిలోమీటర్లు నడిచి మన హద్దులోకి వస్తుంది. దారిలో ఎంత నీరు మాయమవుతుందన్నది ఏటా జరిగే గొడవ. కాలువ ఏడాది పొడవునా పారదు కాబట్టి, పారినప్పుడే నింపుకుని వేసవి దాకా వాడుకోవడానికి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు కట్టారు. జనం నోట ఎస్‌ఎస్ ట్యాంకు.

ఇంజనీరుకు అది ఒక గిన్నె: ఇన్ని లీటర్లు పడుతుంది, ఇన్ని రోజులు వస్తుంది. జీవావరణ శాస్త్రం చదివినవాళ్లకు అది కొత్తగా పుట్టిన సరస్సు. రేగడి బురదతో చిక్కగా వచ్చిన నీరు మొదట కొన్నాళ్లు నిలకడగా కూర్చుంటుంది. మట్టి అడుక్కు దిగుతుంది. ఆ మట్టితోపాటు పైపొలాల ఎరువుల భాస్వరమూ దిగుతుంది. నీరు తేటపడగానే ఎండ లోపలికి పోతుంది, నాచు పెరగడం మొదలవుతుంది. మార్చి వచ్చేసరికి నీటి మట్టం తగ్గి, వేడి పెరిగి, అడుగున ఆక్సిజన్ అయిపోతే, మట్టిలో కట్టుబడి ఉన్న భాస్వరం మళ్లీ నీటిలోకి వదులవుతుంది. అప్పుడు పైన తేలే పచ్చటి తెట్టులో మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా ఉండొచ్చు. వాటిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేస్తాయి. నీళ్లు కాచితే ఆ విషం పోదు. క్లోరిన్ వేస్తే కణాలు పగిలి, లోపలి విషం బయటికి రావచ్చు కూడా. హొస్పేట దగ్గర డ్యాం నీరే పచ్చబడిందన్న వార్తలు కొన్నేళ్లుగా చదువుతున్నాం. ఆ నీరు ఆలూరు ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉన్నాక ఏమవుతుంది? ఏ నెలలో ఎంత లోతు నుంచి తోడితే మంచిది? పీహెచ్‌డీ అంశం అంటే ఇంతకన్నా ఏం కావాలి!

దానికి కావలసిన సరంజామా కూడా భయపడేంత ఉండదు. నీటి తేటదనం చూడ్డానికి తెలుపు నలుపు పలక ఒకటి చాలు, 1865లో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త వాడిన తెల్ల పలక నుంచి వచ్చినదే. నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు 1888 నాటి వింక్లర్ పద్ధతి ఇప్పటికీ గట్టిదే. సన్నటి వల, అయోడిన్ ద్రావణం, మైక్రోస్కోపు. కష్టం వేరే చోట ఉంది: రాత్రి రెండు గంటలకు లేచి ట్యాంకు దగ్గరికి పోవాలి. పగలు కొలిచిన ఆక్సిజన్ నాచు పుణ్యమా అని ఎప్పుడూ బాగానే కనబడుతుంది, అసలు సంగతి తెల్లవారుజామున తేలుతుంది.

ట్యాంకు పక్కనుండే ఇసుక ఫిల్టరూ ట్యాంకులాగే ఒక జీవావరణం. లండన్‌లో 1829లో జేమ్స్ సింప్సన్ కట్టిన నాటి నుంచీ ఆ పద్ధతి మారలేదు. నీటిని శుభ్రం చేసేది ఇసుక అనుకుంటాం. ఎక్కువ పని ఇసుక పైన పేరుకున్న జిగురు పొర చేస్తుంది. అందులో బ్యాక్టీరియా, ఏకకణ జీవులు, చిన్న పురుగులు కాపురముండి వచ్చిన క్రిముల్ని తినేస్తాయి. ఆ పొర బతకాలంటే నీరు ఆగకుండా నెమ్మదిగా దిగుతూ ఉండాలి. కరెంటు వచ్చినప్పుడు తోడి, పోయినప్పుడు ఆపే ఊళ్లలో దాని గతేమిటో కొలిచి చెప్పాల్సింది మన ఊరి పరిశోధకులే, లండన్ వాళ్లు కాదు.

వానతో పుట్టి, ఎండతో నిద్రపోయి

కాలువ సంగతి వదిలి కుంటకు పోదాం. తొలకరికి నిండి, దసరా దాటాక ఇంకిపోయే కుంటల్లో వెల్లకిలా ఈదే గాజులాంటి చిన్న జీవులుంటాయి. రొయ్యకు దూరపు చుట్టాలు. స్ట్రెప్టోసెఫాలస్ అన్నది వాటి ప్రజాతి, డైకోటోమస్ అనే జాతి దక్షిణాదిలో బాగా తెలిసినది. చేపలుంటే ఇవి బతకవు, కాబట్టి చేపలు బతకలేని కుంటే వీటికి ఇల్లు. కొద్ది వారాల్లో పుట్టి పెరిగి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి ఉండి, వాన పడితే లేస్తాయి. అన్నీ ఒకేసారి లేవవు, మొదటి వాన మోసం చేస్తే? కొన్ని రెండో వానకు, కొన్ని మరుసటి ఏటికి ఆగుతాయి. విత్తనాలన్నీ ఒకే పదునుకు చల్లని రైతు లెక్క అది.

కాబట్టి ఇక్కడ పరిశోధన ఎండాకాలంలో కూడా సాగుతుంది. ఎండిన కుంట మట్టిని సంచిలో తెచ్చి, బకెట్లో నీళ్లు పోసి, ఏం లేస్తుందో చూడొచ్చు. పూడికతీత పేరుతో, ఉపాధి పనుల కింద ఆ పై మట్టినే తవ్వి పొలాలకు తోలుతున్నాం. పొలానికి మంచిదే. కుంటలోని గుడ్ల బ్యాంకు ఏమవుతోందో, దాంతోపాటు దోమ లార్వాలను తినే జీవులు ఏమవుతున్నాయో ఎవరైనా చూడాలి.

ఇంకా కిందికి పోతే, బోరు నీటిలో కూడా ప్రాణులున్నాయి. ఈ మాట నమ్మనివాళ్లు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి చేసిన పని చూడాలి. కళ్లు లేని, రంగు లేని భూగర్భ జల క్రస్టేషియన్లను వెదికి లోకానికి చూపించారాయన. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విల్సన్‌తో కలిసి 2011లో ప్రకటించిన ఒక కొత్త ప్రజాతి పేరే 'ఆంధ్రాకాయిడెస్'. సున్నపురాయి గుహలు నిండిన పాత కర్నూలు జిల్లా నేలలో, బెలుం గుహలున్న గడ్డ మీద, ఈ రకం వెదుకులాటకు ఇంకా చోటుంది. బోర్లు ఎండితే పంటతోపాటు మనం పేరు పెట్టకముందే పోయే జీవులూ ఉంటాయి.

పోరుమామిళ్ల రాయి చెప్పిన రెండో మాట

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఉదయగిరి రాజ్యం ఏలుతూ అక్కడ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఉంటాయని ఆ శాసనం లెక్క కడుతుంది. పన్నెండింటిలో మొదటిది ధర్మం తెలిసిన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన మనిషి. గట్టి నేల, కొండ, రాయి, పనివాళ్లు అన్నీ ఆ తరువాతే. సీమలో ఇప్పుడు మొదటి అంగం మీద ప్రతి ఎన్నికలకూ చర్చ జరుగుతుంది. రెండోదాని మీద జరిగినట్టు నాకు గుర్తులేదు. టీఎంసీలు లెక్కపెట్టేవాళ్లు ఊరూరా ఉన్నారు, ఆ టీఎంసీలో ఏం బతుకుతోందో చెప్పేవాళ్లు లేరు.

ఆరు దోషాల్లో ఒకటి మరీ గుచ్చుకుంటుంది: రెండు రాజ్యాల హద్దులో చెరువు ఉండటం. ఆలూరు కథ అదే. 1953 అక్టోబరు 1 దాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఇప్పుడు నీరు ఒక రాష్ట్రంలో బయలుదేరుతుంది, ఇంకో రాష్ట్రంలో తాగుతారు. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలన్నారు, పూడిక పోను ఇప్పుడు లెక్క 105 దగ్గర ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో పందొమ్మిదోది కొట్టుకుపోతే రెండు రాష్ట్రాలూ ఉలిక్కిపడ్డాయి. నీటి పరిమాణం మీద అంత ఆందోళన పడ్డాం. ఆ జలాశయపు జీవావరణం గురించి చెప్పుకోదగ్గ పాత అధ్యయనం కేంద్ర లోతట్టు చేపల పరిశోధన సంస్థ తరఫున ఎ. డేవిడ్ బృందం 1969లో వెలువరించింది. అప్పటి నాచు జాబితాను ఇప్పటి నీటితో పోల్చి చూడ్డమే ఒక థీసిస్.

దారి, దారి ఖర్చు

బీఎస్సీ తర్వాత ఏపీ పీజీసెట్ రాసి జువాలజీ, బోటనీ, పర్యావరణ శాస్త్రం, ఆక్వాకల్చర్ ఏదైనా తీసుకోవచ్చు. అనంతపురం, కర్నూలు, కడప, తిరుపతి అందుబాటులోనే ఉన్నాయి. ఆ తర్వాత నెట్. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000, ఇంటద్దె భత్యం వేరు. ఇంజనీరింగ్ వాళ్లకు గేట్ ఉంది, రూర్కీలో 1955 నుంచి నీటి వనరుల మీదే నడుస్తున్న విభాగం ఉంది. గుంతకల్లులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు, అక్కడ ఐఐఎస్‌సీ, ఏట్రీ లాంటి పరిశోధన సంస్థలు. ఇదంతా ఎవరైనా చెప్తారు.

చెప్పనిది ఒకటుంది. చెరువుల మీద మన దగ్గర వచ్చిన థీసిస్‌లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: మూడు చోట్లు, పన్నెండు నెలలు, పీహెచ్ ఇంత, గాఢత ఇంత, పట్టికలు, అయిపోయింది. ప్రశ్న లేని కొలత అది. గైడ్ ఇచ్చిన అంశమని మరో చెరువుకు అదే పట్టిక నింపితే డాక్టరేట్ వస్తుంది, ఊరికి ఒరిగేదేమీ ఉండదు. అడ్మిషన్‌కు ముందే ఊరి ఆపరేటర్‌తో, చేపలు పట్టేవాళ్లతో మాట్లాడి, ప్రశ్న చేతబట్టుకుని పోవడం మేలు.

మామూలు జనం కొలవలేరన్న అపోహ కూడా ఈ నేల మీదే పోయింది. ఎఫ్‌ఏఓ సాయంతో 2003 నుంచి కర్నూలు, కడప, అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో నడిచిన భూగర్భజల కార్యక్రమంలో రైతులే వానమాపకాలు చూశారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, గోడ మీద రాశారు, నీటి లెక్క చూసుకుని పంట వేసుకున్నారు. ఇప్పుడు జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పాలన్నది నియమం. ఈ కొలతలకు తోడుగా ఒక పరిశోధక విద్యార్థి ఉంటే ఎలా ఉంటుందో ఎవరూ ప్రయత్నించి చూడాల్సినంతగా చూడలేదు.

"ఉద్యోగం వస్తుందా?" అన్న ప్రశ్నకు తల్లిదండ్రులకు నిజం చెప్పాలి. ఇంజనీరింగ్‌లో వచ్చినంత తొందరగా రాదు. కాలుష్య నియంత్రణ మండలి, గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలు, ఐసీఏఆర్ సంస్థలు, కాలేజీ లెక్చరర్ పోస్టులు, స్వచ్ఛంద సంస్థలు. నోటిఫికేషన్ల కోసం చూడటం తప్పదు. అదృష్టం కలిసొచ్చినవాళ్లూ ఉన్నారు. మొహియుద్దీన్ మునావర్ హైదరాబాద్ కుంటల్లో నాచు మీద ఉస్మానియాలో పని చేశారు, 1970లో ఆ వ్యాసాలు 'హైడ్రోబయోలజియా'లో వచ్చాయి. ఆయన తర్వాత కెనడా చేరి దశాబ్దాల పాటు అక్కడి మహా సరస్సుల నాచును చదివారు. జల జీవావరణాల ఆరోగ్యం మీద 1989లో ఒక అంతర్జాతీయ సంఘాన్ని నెలకొల్పారు, ఆ పేరుతోనే పత్రిక నడిపారు. సుపీరియర్, ఒంటారియో సరస్సుల దాకా పోయిన ఆ చదువుకు ఓనమాలు హైదరాబాద్ కుంటల్లో దిద్దినవి.