రెక్క మీద గాలి ఊదితే?

ఆషాఢమాసపు గాలులలో ఎప్పుడైనా బుక్కరాయసముద్రం చెరువుకట్ట ఎక్కారా? గాలి కట్టకు అడ్డంగా వీచే రోజున ఎక్కి చూడండి. గాలి తగిలే వైపు నిలబడితే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. కట్ట దాటి అవతలి వాలు దిగండి. అక్కడ ఎండుటాకులు ముందుకు పోవు. ఉన్నచోటనే గిరగిర తిరుగుతాయి, కొన్ని వెనక్కి కట్టవైపే పాకుతాయి కూడా! కట్ట ఎక్కిన గాలి అవతలి వాలును అంటిపెట్టుకుని దిగలేక, పైనుంచే తిన్నగా వెళ్ళిపోయిందన్నమాట. కింద మిగిలినవి సుడులే.

ఇదే విమానం రెక్క మీద జరిగితే ప్రమాదం. గాలి రెక్క వంపును పట్టుకుని ప్రవహించి, చివర కిందికి మళ్ళాలి. రెక్క గాలిని కిందికి నెడితే, గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం మీరు చదివిందే. ఈ ఎత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం, దిగేటప్పుడు 250కి దగ్గరగా తగ్గాలి. వేగం మూడో వంతయితే బలం తొమ్మిదో వంతే! కింద గాలి దట్టంగా ఉండి కొంత ఆదుకున్నా అది చాలదు. విమానం బరువు మాత్రం అంతగా తగ్గదు గదా!

అందుకే రెక్క వెనుక అంచున ఫ్లాపులనే పలకలు పెట్టారు. దిగేముందు అవి బయటికి జారి కిందికి వంగుతాయి. ఎంత వంచితే అంత లాభం. కాని వాలు మరీ ఎక్కువైతే చెరువుకట్ట కథే. రెక్కను ఆనుకున్న పలుచని గాలి పొర రాపిడితో నీరసించి, మొదట అదే ఆగిపోతుంది. ఈ పొర సంగతిని 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ప్రాండ్టల్ వివరించాడు.

దానికి ఇంజనీర్లు చేసిన ఉపాయం, ఫ్లాపును ముక్కలు చేసి మధ్య సందులు వదలడం. కింది గాలి సందుల్లోంచి దూసుకువచ్చి నీరసించిన పొరకు బలమిస్తుంది. బోయింగ్ 727, 747 విమానాలలో ఇలాంటి సందులు మూడేసి. వాటిని కదిపేందుకు పట్టాలు, మరలు కావాలి. రెక్క కింద పడవల్లా కనిపించే తొడుగులు దాచేది ఈ సరంజామానే. పనిచేసేది కొద్ది నిమిషాలు, మోసేది ప్రయాణమంతా!

తలుపులాగా కీలు మీద వంగే ఒకే ఒక పలక పెట్టి, ఆ పొరకు మనమే గాలి ఊదితే? ఊదిన గాలి వంపు వెంట తిరుగుతుందా అనే సందేహం రావచ్చు. గుండ్రని సీసా వెనుక కొవ్వొత్తి వెలిగించి ముందునుంచి ఊదండి (పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని). ఆరిపోతుంది! సీసాకు బదులు అంత వెడల్పున్న ఇటుక పెట్టి ఊదండి. ఆర్పడం కష్టం.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మన వైమానికదళంలో 1963లో చేరి, 2025 సెప్టెంబరులో సెలవు తీసుకున్న మిగ్-21 ఉంది గదా, దాని బిస్ రకంలో ఇంజను కంప్రెసర్ నుంచి గాలి తీసి సన్నని చీలిక గుండా ఫ్లాపుల మీదికి ఊదేవారు. చిక్కల్లా, ఇంజను జోరు తగ్గిస్తే ఊదే గాలీ తగ్గుతుంది. దిగేటప్పుడు తగ్గించాల్సింది ఇంజనునే!

కనుక తక్కువ గాలితో పని జరగాలి. దానికో చక్కని పరికరం ఉంది. చిన్న గదిలోకి వచ్చిన గాలిలో కొంత పక్కదారుల గుండా వెనక్కి తిరిగి, అసలు ధారను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నెడుతుంది. కుక్క తోక ఊపినట్టు ధార ఊగుతూ ఎక్కువ మేర తడుముతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు! 2015లో నాసా, బోయింగ్ కలిసి ఇలాంటివి 31 ఒక బోయింగ్ 757 నిలువు తోకకు అమర్చి ఎగురవేశారు. చుక్కానిని బాగా తిప్పినప్పుడు అక్కడా గాలి ఇలాగే విడిపోతుంది. ఊదితే తోక బలం పెరిగింది.

రెక్కల సంగతి ఇంకా కఠినం. ఒక రెక్క మీద ఊదడం ఆగి రెండోదాని మీద సాగితే విమానం పక్కకు ఒరుగుతుంది. అందుకని గాలి రెండు దారుల నుంచి అందాలి, అంటే మరిన్ని గొట్టాలు, మరిన్ని కవాటాలు. పట్టాల బరువు తీసేసి గొట్టాల బరువు ఎక్కిస్తే ప్రయోజనమేముంది? ఇంజనీర్లు ఇప్పుడు తూచి చూస్తున్నది ఈ రెండు బరువులనే.